టైలరమ్మ కొన్న మిషన్

వెల్డింగ్ మిషన్లు అమ్మే షాపులోకి ఆడమనిషి వస్తే మొగుణ్ణి వెతుక్కుంటూ వచ్చిందనుకుంటారు. టైలరమ్మను చూసి ఆ షాపు సేల్స్‌మనూ అదే అనుకున్నాడు. "మేస్త్రిగారు వెనకాల వస్తున్నారా అక్కా?" అంటూ ఆమె భుజం మీదుగా వీధిలోకి తొంగిచూశాడు. మేస్త్రి వీధిలో లేడు. ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. భార్య ఎక్కడికి వెళ్ళిందో అతనికి తెలియదు.

"ఆయన రారు. మిషన్ నాకే," అంది టైలరమ్మ.

సేల్స్‌మన్ నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. బేరానికి వచ్చిన మనిషి మొహం కాదది. ఏడవడానికి కూడా తీరిక లేని మనిషి మొహం. మూడు మిషన్లు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టాడు.

"ఇది రాడ్డు మిషన్. మీ ఆయన వాడే రకమే, కాకపోతే చిన్నది, సంచిలా భుజాన వేసుకుపోవచ్చు. తుప్పు పట్టిన ఇనుమైనా సరే, గాలి కొడుతున్నా సరే, మేడ మీదైనా సరే, పని చేస్తుంది. కానీ నేర్చుకునేవాళ్ళని ఏడిపిస్తుందక్కా. రాడ్డు అతుక్కుపోతుంది, మంట ఆరిపోతుంది, పైన చిట్టెం పొక్కు కడుతుంది, దాన్ని సుత్తితో కొట్టి రాల్చుకోవాలి. ఈ రెండోది టిగ్. సన్నపనికి. రెండు చేతులూ ఆడాలి, కింద కాలితో తొక్కుతూ ఉండాలి."

కాలితో తొక్కడం అనేసరికి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పెళ్ళైన దగ్గర్నుంచీ మిషన్ తొక్కుతూ బతికిన మనిషి మరి. సేల్స్‌మన్ కనిపెట్టేశాడు. "దాని జోలికి ఇప్పుడే పోవద్దు. అది బాగా చెయ్యి తిరిగినవాళ్ళకి," అని దాన్ని వెనక్కి నెట్టేసి, మూడోదాని పక్క తలుపు తీశాడు.

అది వైరు మిషన్. లోపల రాగిరంగు తీగ చుట్టిన కండె, తీగను లాగే చిన్న చక్రాలు, వాటిని బిగించే మర. టైలరమ్మ వంగి చూసింది. దారపు కండె, దారం నడిచే దోవ, దారం బిగువు సరిచేసే మర. ఇన్నేళ్ళుగా తను నూనె వేసి, దుమ్ము తుడిచి, తిట్టి, బతిమాలి పని చేయించుకున్న సామానే వేషం మార్చుకుని ఎదురుగా కూర్చున్నట్టుంది.

"మీట నొక్కితే తీగ అదే వస్తుంది, గ్యాసూ అదే వస్తుంది. మీరు చెయ్యి జరుపుకుంటూ పోవడమే. సాయంత్రానికి పట్టు దొరుకుతుంది," అన్నాడు సేల్స్‌మన్.

"అన్ని పనులకీ పనికొస్తుందా?"

"ఎందుకు రాదు! గాలి తగలకుండా ఏదన్నా అడ్డం పెట్టుకోవాలి. మందపాటి ఇనుమైతే కాస్త చూసుకోవాలి. అంతేనక్కా."

ఆ 'కాస్త చూసుకోవాలి' దగ్గర ఆమె ఆగి ఉండాల్సింది. ఏం చూసుకోవాలి, ఎలా చూసుకోవాలి అని గట్టిగా నిలదీయాల్సింది. లైనింగు గుడ్డ కొనడానికి వెళ్తే రంగు దిగుతుందా, ఉతికితే ముడుచుకుంటుందా అని షాపువాణ్ణి మూడు చెరువుల నీళ్ళు తాగించే మనిషి. అలాంటిది ఆవేళ తలూపి ఊరుకుంది. తన చేతికి అలవాటైన వస్తువు కనబడింది, ప్రాణం కుదుటపడింది, ఇంకేం వినబడలేదు.

ఆమె అవసరం అలాంటిది. మేస్త్రి చూపు ఒక్కసారిగా పోలేదు. ముందు ఒక గేటు జానెడు పొట్టిగా కోశాడు. కొలత తప్పు చెప్పారని ఇంటివాళ్ళ మీద ఎగిరాడు. తర్వాత ఒక కిటికీ రెక్కకు కీలు లోపలివైపు అతికాడు. ఇంటివాళ్ళు నవ్వారు, అతను నవ్వలేదు. ఆ తర్వాత ఒకనాడు కాలుతున్న పైపును, చల్లారిందనుకుని, గుప్పెటతో పట్టుకున్నాడు. డాక్టరు పరీక్ష చేసి, కంటి వెనక నరం ఎండిపోతోందన్నాడు. నడిమి చూపు పోయింది, అంచుల్లో మిగిలింది కూడా నిలవదు, మందు లేదు, వెల్డింగు మంట వంక ఇక కన్నెత్తి చూడొద్దు అన్నాడు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, "నీ మొహం వంక చూస్తుంటే మొహం లేదే, రెండు చెవులే కనిపిస్తున్నాయి," అని మేస్త్రి నవ్వాడు.

చూపుతో పాటు మిషనూ పోయింది. మంచం అంత చోటు ఆక్రమించే, లోపల నూనె పోసి చల్లబరిచే పాత వెల్డింగు మిషన్. చూపు ఆనక కేబుళ్ళు తప్పుచోట బిగించాడు. షెడ్డు నిండా నల్లటి పొగ. రిపేరువాడు మూత తీసి, వాసన చూసి, పెదవి విరిచాడు.

ఆ షెడ్డు మేస్త్రి పెదనాన్న కొడుకుది. టైలరమ్మకు బావగారు. "చూపు లేనివాడికి వెల్డింగు షెడ్డెందుకమ్మా? మా అల్లుడు టైర్ల షాపు పెడతానని కూర్చున్నాడు," అన్నాడు ఆ పెద్దమనిషి, పరామర్శకు వచ్చి, ఇచ్చిన టీ తాగుతూ. ఒప్పుకున్న పని ఒక్కటే మిగిలి ఉంది. కొత్తగా కట్టిన స్కూలు మేడకు మెట్ల రెయిలింగు. స్కూలు తెరిచేలోగా పెట్టెయ్యాలి. "ఆ పని చేసి చూపించండి, షెడ్డు మీకే వదిలేస్తాను," అన్నాడు బావగారు. చేయలేరన్న ధీమాతోనే అన్నాడు. వేరే వెల్డర్ని పెట్టుకుందామంటే, చూపు తగ్గి పని చెడుతున్న రోజుల్లో మేస్త్రి తిట్టిన తిట్లకు జడిసి ఒక్కడూ ఈ గుమ్మం తొక్కడం లేదు.

అందుకని టైలరమ్మ తన కుట్టు మిషనూ, జిగ్‌జాగ్ మిషనూ ఎదురింటావిడకు అమ్మేసింది. అవి వీధి దాటుతుంటే గుమ్మంలో నిలబడి చూడలేక వంటగదిలోకి వెళ్ళి గిన్నెలు తోముకుంది.

వైరు మిషన్ ఇంటికి వచ్చాక మేస్త్రి మంచం దిగి, దాని చుట్టూ చేతులతో తడిమాడు. తలుపు తీసి కండె మీద వేలు పెట్టాడు.

"ఏమిటే ఇది?"

"వైరు మిషనండి. తొందరగా వస్తుందట."

"నాకు రాదు ఇది. జన్మలో పట్టుకోలేదు. నీకేం చెప్పను?" అన్నాడు. మిషన్ తలుపు మూసి, "నేర్చుకునేవాళ్ళు రాడ్డు పట్టుకోవాలే. తప్పు చేస్తే అక్కడికక్కడే మొహం మీద చెబుతుంది. అతుక్కుంటుంది, చిల్లు పడుతుంది, వంకరపోతుంది. చూసినవాడు ఛీ అంటాడు. దీంట్లో నీ తప్పు నీకెలా తెలుస్తుంది?" అన్నాడు.

"నింపాదిగా నేర్చుకోడానికి నాకు రోజులున్నాయా? మీకున్నాయా?"

అనేసి నాలుక కరుచుకుంది. మేస్త్రి మంచం ఎక్కి గోడవైపు తిరిగాడు.

షెడ్డులో సన్నటి చదరపు గొట్టాల మీద మొదలుపెట్టింది. సేల్స్‌మన్ అబద్ధం చెప్పలేదు. సాయంత్రానికే పట్టు దొరికింది. రెండు గొట్టాలు కలిసే చోట, చిల్లర నాణేలు ఒకదానిమీద ఒకటి వాల్చి పేర్చినట్టు అతుకు వరస తేలింది. కాలరు మీద కుట్టు ఎంత తిన్నగా వచ్చేదో ఇదీ అంత తిన్నగా వచ్చింది. పక్క షాపులవాళ్ళు వచ్చి చూసి, "మేస్త్రిని మించిపోయావమ్మా," అన్నారు. చాలా రోజుల తర్వాత ఆమె కడుపునిండా తింది.

మేస్త్రిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అతుకు మీద అతని బొటనవేలు పెట్టింది.

"నున్నగా ఉంది," అన్నాడు.

"బాగుందా?"

"నున్నగా ఉందన్నాను. ఈ చప్పుడు నాకు తెలియదే. రాడ్డైతే పక్కవీధిలో ఉండి కూడా చెప్పేవాణ్ణి."

అసూయ అనుకుంది ఆమె. అసూయ కొంత ఉన్నదేమో కూడా. పని చేతిలోంచి జారిపోయిన మనిషికి, దాన్ని ఇంకొకళ్ళు అందుకుంటే ఉండదా మరి.

స్కూలు మెట్ల దగ్గర గాలి కొట్టింది. అతుకును కాపాడే గ్యాసు చెదిరిపోయి అతుకు నిండా బెజ్జాలు పడ్డాయి. టైలరమ్మ బెదరలేదు. పాత దుప్పట్లు చేత్తో కుట్టి, మెట్ల చుట్టూ తెరలు కట్టింది. బెజ్జాలు పోయాయి. ఇక మిగిలింది కమ్మీలను మెట్లలో పాతిన ఇనుప ప్లేట్లకు అతకడం. ప్లేట్లు చిటికెనవేలంత మందం. అక్కడ ఆమె చేసిన పని ఏ వెల్డరూ చెయ్యడు. కుట్టుపని చేసినవాళ్ళు మాత్రమే చేస్తారు.

గుడ్డ మందం అయినప్పుడు, నాలుగు మడతలు ఒకచోట పడ్డప్పుడు, టైలరు మిషన్ని మెల్లగా తొక్కుతుంది. జోరుగా తొక్కితే సూది విరుగుతుంది. దారం బిగువు తగ్గించి, బుజ్జగించి, ఆ మందం దాటిస్తుంది. అది ఆమె బుర్రలో లేదు, చేతుల్లో ఉంది. మందపాటి ప్లేటు కనబడగానే ఆ చేతులు మిషన్ మీద వేడి మరను తగ్గించేశాయి. ఇనుముకు కావాల్సింది సరిగ్గా దానికి తిరగేసి. ఎంత మందమైతే అంత వేడి తాగుతుంది. ఆ తగ్గించిన వేడికి తీగ కరిగింది గానీ ప్లేటు కరగలేదు. కరిగిన తీగ ప్లేటు మీద అందంగా ఒదిగి కూర్చుంది. పైకి నాణేల వరస. కింద పట్టు లేదు. చూపున్న మేస్త్రి అయితే కరిగే మడుగు వంక ఒక్కసారి చూసి కేకేసేవాడు. చూపున్నవాళ్ళెవరూ ఆమె పక్కన లేరు.

రెయిలింగు పూర్తయిన రోజున స్కూలు పని చూసే సూపర్‌వైజరు అతుకుల్ని ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు. మేస్త్రి తనూ వస్తానన్నాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పై అంతస్తు దాకా ఆమె భుజం పట్టుకుని ఎక్కాడు. "దిగేటప్పుడు నువ్వు అక్కర్లేదు. మన రెయిలింగు ఉందిగా," అన్నాడు. చాలాకాలం తర్వాత అతని గొంతులో ఎకసెక్కం వినబడి ఆమెకు ఎంత సంతోషం వేసిందంటే, వద్దనలేదు. కిందికి వచ్చి కేబుళ్ళు చుట్టుకుంటూ అతని అడుగుల చప్పుడు వింటూ ఉంది.

మలుపు దగ్గర కమ్మీ ప్లేటు మీంచి లేచిపోయింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. మేస్త్రి రెయిలింగును పట్టుకునే కిందికి పడ్డాడు.

కుడిచెయ్యి మోచేతి పైన విరిగింది. సూపర్‌వైజరే కారు పిలిచాడు, మంచినీళ్ళు తాగించాడు. "చూపు లేని మనిషిని ఒంటరిగా ఎలా వదిలారమ్మా? తూలి దాని మీద పడితే ఏ కమ్మీ ఆగుతుంది? ఏం ఫరవాలేదులెండి, ఆ ఒక్కటీ మళ్ళీ అతికేయండి," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ అదే మాట అన్నారు. పాపం, కళ్ళు లేవుగా, తూలాడు. టైలరమ్మ వంగి ప్లేటు వంక చూసింది. ప్లేటు మీద ముందు గ్రైండరు పెట్టినప్పుడు పడిన గీతలు గీతలుగానే ఉన్నాయి. ఒక్క గీతా కరగలేదు. అతుకు అతుకంతా కమ్మీ అడుగున వేలాడుతోంది, నున్నగా. కింది మెట్టు దగ్గర్నుంచి పై మెట్టు దాకా, మూడు అంతస్తుల నిండా అన్నీ ఇలాంటివే.

ఆస్పత్రిలో చేతికి కట్టు కట్టించుకుని మేస్త్రి, "నా కాలే తడబడిందిలేవే," అన్నాడు.

"తడబడలేదు. ఊడింది. అన్నీ ఊడతాయండి. నాకు తెలిసిపోయింది."

మేస్త్రి ఆమె గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. "ఎవరికన్నా చెప్పావా?"

"లేదు."

"చెబితే షెడ్డు పోతుంది."

"తెలుసు."

"అందరూ నా కళ్ళ మీదికే తోసేశారుగా. తోసెయ్యనీ," అన్నాడు. ఆమె అతని కట్టు కింద దిండు సర్దింది. ఆ తర్వాత, "స్కూలు కదే," అన్నాడు. అని కళ్ళు మూసుకున్నాడు.

మర్నాడు ఆమె గ్రైండరు పట్టుకుని స్కూలుకు వెళ్ళింది. ఒక్కో కమ్మీనీ కాలితో ఒక్క తాపు తన్ని చూసింది. కొన్ని ఊడాయి, కొన్ని ఊడలేదు. ఊడనివే ఆమెను ఎక్కువ భయపెట్టాయి. ఇవాళ తన తన్నుకు ఊడనిది, రేపు పిల్లలు గుంపుగా తోసుకుంటూ దిగుతుంటే ఊడుతుంది. ఏది నిజం, ఏది అబద్ధం అని పైనుంచి చూసి చెప్పగల కళ్ళు ఆమెకు లేవు. అందుకని అన్నిటినీ కోసేసింది. మధ్యలో ఏడుపు వచ్చింది, ఏడుస్తూనే కోసింది. సూపర్‌వైజరు వచ్చేసరికి మెట్లు బోడిగా ఉన్నాయి, రెయిలింగు ముక్కలు నేల మీద గుట్టగా ఉన్నాయి.

అతను పెట్టిన కేకలు ఇక్కడ రాయక్కర్లేదు. మనిషి చెడ్డవాడు కాదు, స్కూలు తెరిచే రోజు నెత్తి మీద ఉంది. ఉన్నపళంగా వేరే వెల్డర్ల కోసం ఫోన్లు చేశాడు. అది అందరికీ పనులు ముమ్మరంగా ఉండే కాలం, ఒక్కడూ వస్తాననలేదు. చివరికి చేతులెత్తేసి, "ఇంకొకడు దొరికేదాకా చేస్తూ ఉండు. దొరికిన క్షణాన దిగిపోవాలి," అన్నాడు. ఆ కబురు బావగారికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. టైలరమ్మ ఇంటికి వచ్చేసరికి షెడ్డు సామానంతా గుమ్మం ముందు పడేసి ఉంది. బెంచీ, పట్టుకారు, కాలిపోయిన పాత మిషన్. అంటే షెడ్డు పోయింది. ఇక ఏ ఆశతో ఈ పని చెయ్యాలి? చెయ్యకపోతే మాత్రం ఎక్కడికి పోవాలి? గుమ్మంలో ఆ సామాను మధ్యే కూర్చుండిపోయింది. లోపల్నుంచి మేస్త్రి, "ఎవరది? ఎవరు?" అని అడుగుతూనే ఉన్నాడు.

మర్నాడు వైరు మిషన్ని ఆటోలో వేసుకుని షాపుకు వెళ్ళింది. "కాస్త చూసుకోవాలన్నావు బాబూ. ఏం చూసుకోవాలో చెప్పలేదు," అంది. గొంతు పెంచలేదు.

సేల్స్‌మన్ సంగతంతా విన్నాడు. "నేను అమ్మేవాణ్ణే అక్కా, అతికేవాణ్ణి కాదు," అన్నాడు చివరికి. "మిషన్ మంచిదే. తెలిసినవాడి చేతిలో దీంతోనే రైలు పెట్టెలు కూడా అతుక్కుంటాయి."

"తెలిసినవాడి చేతిలో. నేను తెలుసుకోవాలి కదా ముందు. నా తప్పు నాకు కనబడే మిషన్ ఇవ్వు."

వాడేసిన సామాను వెనక్కి తీసుకోవడం ఆ షాపులో లేదు. అయినా తీసుకున్నాడు. బదులుగా రాడ్డు మిషన్ ఇచ్చి, రాడ్ల పెట్టెలు రెండు ఊరికే ఇచ్చాడు.

ఆ రాడ్డు ఆమె ఉసురు పోసుకుంది. ముట్టిస్తే అతుక్కుపోయేది. పీకితే ప్లేటంతా కదిలి చేతులు జివ్వున లాగేవి. ఎత్తి పట్టుకుంటే నిప్పులు చిమ్మి, అతుకు నిండా బుడిపెలు. చిట్టెం కొట్టి చూస్తే లోపల బొక్కలు. మెడ మీద, మణికట్ల మీద కాలిన మచ్చలు. కుట్టులో ఇంత వికారమైన పని ఆమె పుట్టి బుద్ధెరిగి చెయ్యలేదు. ఒకసారి రాడ్డు పట్టే హోల్డరు విసిరికొట్టి, "నా వల్ల కాదు, నేను చస్తాను," అని మెట్ల మీద తల బాదుకుంది.

పై మెట్టు మీద చేతికట్టుతో కూర్చుని ఉన్న మేస్త్రి, "చద్దువుగానిలే. ముందు దాన్ని కొట్టెయ్యి, మళ్ళీ వెయ్యి," అన్నాడు.

రోజూ వచ్చి కూర్చునేవాడు. మంట చూడొద్దన్నాడు కదా డాక్టరు. అందుకని ఆమె ఒక చెక్కకు బెజ్జం చేసి, నల్లటి వెల్డింగు అద్దం బిగించి, దాన్ని స్టూలు మీద అతని మొహానికి ఎదురుగా నిలబెట్టేది. రాడ్డు ముట్టించే ముందు రోజూ ఆ చెక్క సర్దడం ఆమె వంతు. ఆ అద్దంలోంచి ఓ పక్కగా, ఆకుపచ్చటి చుక్క ఒకటి కనిపిస్తోందని చెప్పాడు మేస్త్రి. మొహాలు పోయాయి, మెట్లు పోయాయి, పగలు కూడా మసకైపోయింది. అతని లోకంలో మిగిలింది ఆ చుక్కే. అది చూస్తూ, చప్పుడు వింటూ పని చెప్పేవాడు. చుక్క వెడల్పైతే ఎడమచేత్తో సుత్తి పెట్టి మెట్టు మీద ఒకసారి కొట్టేవాడు, రాడ్డు దగ్గరికి తేవాలన్నమాట. చప్పుడు చిటపటా సమంగా వేగుతున్నట్టు కాకుండా బుసబుసలాడితే రెండుసార్లు కొట్టేవాడు, చెయ్యి నిలకడగా జరపాలన్నమాట. వేడి చాలకపోతే నోటితోనే తిట్టేవాడు. "పెంచవే. మందం ఇనుమే అది, నీ లైనింగు గుడ్డ కాదు. పెంచు!"

ఇంటికి వెళ్తుంటే దోవలో అడిగేది: "ఇవాళ చుక్క ఉందా?"

"ఉంది," అనేవాడు మొదట్లో. తర్వాత్తర్వాత, "ఉందిగానీ, సన్నగా ఉంది," అనడం మొదలుపెట్టాడు. ఒకరోజు, "ఉన్నట్టే ఉంది," అన్నాడు. అది పోయేలోగా తనకు పని రావాలి. వట్టి చప్పుడుతో ఎంతవరకని చెప్పగలడు? ఇంకెవరు చెబుతారు? షెడ్డు మీద ఆశ పోయింది, పేరు మీద ఆశ పోయింది, ఇక ఆమె పట్టుకుని వేలాడుతున్నదల్లా ఆ చుక్కే.

సూపర్‌వైజరుకు వెల్డరు దొరకలేదు. వెతకడం కూడా మానేశాడు. కింది అంతస్తు నిలబడింది, రెండోది నిలబడింది. అతుకులు గొంగళిపురుగుల్లా ఉన్నాయి. ఫొటో తీసుకోవడానికి ఎవరూ రాలేదు. అయితే ప్రతి కమ్మీ దగ్గరా ఆమె ఒక పని చేసేది. చిట్టెం రాల్చి, చల్లారాక, రెండు చేతులా కమ్మీని పట్టుకుని, మెట్ల బయటి ఖాళీలోకి ఒళ్ళంతా వదిలేసి వేలాడేది. కింద నేల కనబడి కళ్ళు తిరిగేవి. కదిలితే కోసి మళ్ళీ వేసేది. మొదట్లో చాలా కోసింది. పోనుపోను కొయ్యడం తగ్గింది.

రేపు స్కూలు తెరుస్తారనగా మలుపు దగ్గర కమ్మీ ఒక్కటి మిగిలింది. మేస్త్రి పడిన చోటు. ఆమె కావాలనే చివరికి ఉంచుకుంది. కింద బెంచీలు దించుతున్నారు, ఎవరో గట్టిగా అరుచుకుంటున్నారు, సూపర్‌వైజరు రెండుసార్లు వచ్చి గడియారం వంక చూసి వెళ్ళాడు. మేస్త్రిని పై మెట్టు మీద కూర్చోబెట్టింది. కమ్మీ నిలబెట్టింది. వేడి పెంచింది, ఎవరూ చెప్పకుండానే. ముసుగు దించుకుని రాడ్డు ముట్టించింది.

ఈసారి అతుక్కోలేదు. సమంగా, చిటపటా వేగుతున్న చప్పుడు. అద్దంలోంచి ఇనుము కరగడం, ప్లేటూ కమ్మీ రెండూ కరిగి ఒకే మడుగు కావడం ఆమెకు స్పష్టంగా కనబడింది. ఇన్నాళ్ళూ మేస్త్రి 'మడుగు, మడుగు' అని మొత్తుకున్నది ఇదే. కమ్మీ చుట్టూ ఆపకుండా తిరిగి వచ్చింది. పైన సుత్తి ఒక్కసారి కూడా మోగలేదు.

ముసుగు ఎత్తి, సంతోషం పట్టలేక, "ఏమండీ!" అని తిరిగి చూసింది. చూసి, కొయ్యబారిపోయింది.

అద్దం బిగించిన చెక్క గోడకు ఆనించి, పొద్దున పెట్టిన చోటే ఉంది. హడావుడిలో అడ్డం పెట్టడం మరిచిపోయింది. స్టూలు ఖాళీగా ఉంది. మేస్త్రి కళ్ళు బార్లా తెరుచుకుని, అంత మంటకూ బారెడు దూరంలో, నేరుగా దానివంకే మొహం పెట్టి కూర్చుని ఉన్నాడు. రెప్ప కూడా వెయ్యలేదు.

"చప్పుడు బాగుందే," అన్నాడు. "మొదటిసారి, బాగుంది." తల కొంచెం అటూ ఇటూ తిప్పాడు. "చుక్క మాత్రం కనబడలేదు. అద్దం మరీ దగ్గరగా పెట్టావా ఏమిటి? పెట్టావు కదూ?"

ఆమె గోడకు ఆనించిన చెక్క వంక చూసింది.

"పెట్టానండి," అంది.

మేస్త్రి బాగున్న చెయ్యి ముందుకు చాపాడు. చెక్క ఉండాల్సిన చోట గాలి తగిలింది. ఇంకొంచెం చాపాడు. వేళ్ళు కాసేపు అక్కడే ఆగాయి. ఆ చెయ్యిని మెల్లగా పక్కకు జరిపి, తడుముకుంటూ వచ్చి, రెయిలింగు పట్టుకున్నాడు. లేచి నిలబడి, ఒంటి బరువంతా దాని మీద మోపాడు.

"గట్టిగానే ఉంది," అన్నాడు.